చూడని రోజులు

విశాఖపట్నం
12 జులై 1976

మామూకి సలాములు,

మీ జైతున్ బాగానే ఉంది, చెవులే సగం పోయాయి. మా గదిలో ఆరు పంచింగ్ మిషన్లు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా రేకుల మీద వడగళ్లు పడుతున్నట్టే ఉంటుంది. హాస్టలుకు వచ్చాక కూడా వేళ్లు వాటంతట అవే కొట్టుకుంటున్నాయి. పక్క మంచం అమ్మాయి నన్ను చూసి భయపడుతోంది.

నేను చేసే పనేమిటో అమ్మకు అర్థం కాలేదని రాశారు. విడమర్చి చెబుతాను, చదివి వినిపించండి. ఓడలవాళ్లు నూనె ట్యాంకులు కడిగి ఆ మురికిని సముద్రంలో వదిలేస్తారు. అది గడ్డకట్టి తారు ముద్దలై ఒడ్డుకు కొట్టుకొస్తుంది. తీరం పొడుగునా కొన్ని పల్లెల్లో మా కేంద్రం మనుషుల్ని పెట్టింది. వాళ్లు వారానికోసారి ఒడ్డున కొలిచిన మేర నడిచి, ఆ ముద్దలు ఏరి, తూచి, ఫారంలో రాసి పంపుతారు. నేను ఆ అంకెల్ని అట్టకార్డు మీద చిల్లులుగా కొడతాను. కార్డుల్ని కంప్యూటరు చదివి టేపులోకి ఎక్కించుకుంటుంది. అన్ని పల్లెల లెక్కలూ అలా ఒకచోట చేరితే దాన్ని డేటా బ్యాంకు అంటారు. ఏ ఒడ్డు ఏ నెలలో ఎంత మురికిగా ఉందో అడిగితే చాలు, అచ్చువేసి ఇస్తుందట. అడిగేవాళ్లు ఇంకా ఎవరూ రాలేదు.

మా ఆరుగురిలో ఇద్దర్నే డిసెంబరులో పర్మనెంటు చేస్తారు. తప్పులు తక్కువున్నవాళ్లకే ఆ కుర్చీ. అందుకే ఒక పక్క పరుగు, ఒక పక్క భయం.

ఒక విషయంలో మాత్రం మీ మాటే పాటిస్తున్నాను. భీమిలి అవతల ఒక పల్లెలో ఏసురత్నం అని మా మనిషి ఉన్నాడు. పాపం, పచ్చకామెర్లతో మే నెల నుంచీ మంచంలో ఉన్నాడు. ఫారం మీద ఊరు, తేదీ వేసి, "ఒంట్లో బాగాలేదు, ఒడ్డుకు పోలేదు" అని కింద రాసి పంపుతున్నాడు. అలాంటప్పుడు అంకెల గడుల్లో తొమ్మిదులు కొట్టాలని గోడ మీద కాగితం అంటించారు. చూడని మనిషి తరఫున తొమ్మిదివందల తొంభైతొమ్మిది గ్రాములని నేనెలా కొడతాను? నాకు తొమ్మిదేళ్లప్పుడు మీ బస్టాండు రిజిస్టరులో, రాని గంపలగూడెం బస్సుకు బోర్డు చూసి టైము వేసేశాను, గుర్తుందా? నెత్తిన ఒక్క మొట్టికాయ వేసి, కంటితో చూసిందే కలంతో రాయాలి, చూడనిది ఖాళీగా వదలాలి అన్నారు. అందుకే ఆ గడుల్ని ఖాళీగా వదిలేస్తున్నాను. ఇంతవరకూ ఎవరూ ఏమీ అనలేదు.

మీ
జైతున్

---

తిరువూరు
24 జులై 1976

చిరంజీవి జైతున్‌బీకి మామ లాల్‌సాహెబ్ దీవెనలు. అల్లా దయవల్ల ఇక్కడ అందరం క్షేమం. నీ క్షేమం తెలుపగలవు.

నీ ఉత్తరం బస్టాండులో నలుగురికీ చదివి వినిపించాను. సముద్రాన్ని తక్కెట్లో వేసి తూచే పిల్ల మన తిరువూరులో పుట్టిందని టీ కొట్టు బాలశౌరి ఒకటే గొప్పలు. తిరువూరుకు సముద్రం వంద మైళ్లు, మనవాళ్లకు తెలిసిన తారు రోడ్డుమీదిదే. అది ఒడ్డుకు ఊరికే కొట్టుకొస్తుంటే మన వినగడప రోడ్డుకు నాలుగు బండ్లు పంపమని అడుగుతున్నాడు.

నా మొట్టికాయ ఇన్నాళ్లకు ప్రభుత్వానికి పనికొచ్చిందంటే సంతోషమే. ఇక్కడ బస్సులన్నీ ఈ మధ్య ఠంచనుగా నడుస్తున్నాయి, కాగితం మీద. లేటు అన్న మాట రిజిస్టరులో కనిపిస్తే మా యజమాని జగన్నాథరావు గారు సంజాయిషీ రాయమంటున్నారు. పైనుంచి ఎవరో వచ్చి రిజిస్టర్లు చూస్తారట. ఈ ఎమర్జెన్సీలో దేశమంతా టైముకు నడుస్తున్నప్పుడు మన బస్సొక్కటే వెనకపడితే బాగుండదని ఆయన బాధ.

పత్తి విత్తారు. వాన ఇంకో తడి పడాలి. మీ అమ్మ మిషను కుట్టు ఆపి, చివర తనే రాస్తానని కలం లాక్కుంటోంది.

*జైతూ నేను బాగున్నాను. నువ్వు వేళకి తిను. అమ్మ.*

---

విశాఖపట్నం
19 సెప్టెంబరు 1976

మామూకి,

అమ్మ ఎప్పుడూ ఆ రెండు ముక్కలే రాస్తుంది. అయినా ఆ వంకర అక్షరాలు చూస్తేగాని నాకు ఉత్తరం అందినట్టు ఉండదు.

మా బ్యాంకుకు మొదటి ఖాతాదారులు వచ్చారు. ఏసురత్నం పల్లెవాళ్లు పదిమంది, మాణిక్యమ్మ అని చేపలమ్మే పెద్దావిడను ముందు పెట్టుకుని మా ఆఫీసుకు వచ్చారు. మే నుంచి జులై దాకా ఒడ్డంతా తారేనట. వలలు గట్టిపడి చేతికి రాకుండా పోయాయట. ఓడలు తమ పల్లె ఎదుట ట్యాంకులు కడగకుండా ఆపించమని అర్జీ పెట్టారు. ఓడలవాళ్లేమో అది మీ పడవలకు మీరు పూసుకున్న తారే అంటున్నారు. ఆమె ఒక వల ముక్క తెచ్చి మా ఆఫీసరు గారి బల్ల మీద పెట్టింది. కర్రలా నిలబడింది అది.

ఆఫీసరు గారు మంచివారే. మీరూ వద్దు, ఓడలవాళ్లూ వద్దు, కంప్యూటరును అడుగుదాం, దానికి ఎవరూ చుట్టాలు కారు అన్నారు. నవంబరు పదిహేనుకల్లా రిపోర్టు వెళుతుందన్నారు. దాన్నిబట్టే అర్జీ నిలిచినా, చెత్తబుట్టలోకి పోయినా.

మాణిక్యమ్మ వెళుతూ వెళుతూ మా గది గుమ్మంలో ఆగింది. మిషన్లను కాసేపు చూసి నన్ను అడిగింది.

"మీ మిషను మా ఒడ్డుకొచ్చి చూసిందేటి, పాపా?"

మిషను ఒడ్డుకెళ్లి చూడటమన్నది మాకు పెద్ద జోకు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. నాలుగు రోజులైంది, ఆ నవ్వు మాత్రం నోట్లోంచి పోవడం లేదు. ఎందుకో తెలియదు. కూర్చుంటే లేవాలని, లేస్తే కూర్చోవాలని ఉంటోంది. సముద్రం దాకా నడిచి వస్తున్నాను, అక్కడా నిలవలేను.

జైతున్

---

తిరువూరు
4 అక్టోబరు 1976

చిరంజీవి జైతున్‌బీకి దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. నీ క్షేమం తెలుపగలవు.

ఉత్తరం అందింది. వానలు బాగా పడ్డాయి. కట్టలేరు రెండుసార్లు పొంగింది. ఇప్పుడు తగ్గింది. పత్తికి కొంత దెబ్బ.

పెద్దవాళ్ల వ్యవహారాల్లో నువ్వు తలదూర్చకు. డిసెంబరు దాకా నీ పని నువ్వు చూసుకో. పర్మనెంటు కావడం ముఖ్యం.

మీ అమ్మ ఎ.కొండూరులో సుగ్రా ఖాలా ఇంటికి వెళ్లింది. అందుకని కింద రాయలేదు. క్షేమమే.

లాల్‌సాహెబ్

---

విశాఖపట్నం
27 అక్టోబరు 1976

మామూ,

మీ ఉత్తరం చదివితే బస్సు టికెట్టు చదివినట్టుంది. ఒక్క ఎత్తిపొడుపు లేదు. మీకు నా మీద కోపమా? అమ్మ ఇంకా ఎ.కొండూరులోనే ఉందా? పోనీలే. నా గోడు వినండి, నాకు మీరు తప్ప చెప్పుకునేవాళ్లు లేరు.

ఆ పల్లె లెక్క నిన్న అచ్చయి వచ్చింది. ఫిబ్రవరిలో తారు ఉంది, మార్చిలో ఉంది, ఏప్రిల్లో ఇంకా ఎక్కువ ఉంది. మే సున్నా. జూన్ సున్నా. జులై సున్నా. ఆగస్టులో మళ్లీ ఉంది. పక్కన సగటు వేసి, ఆ మూడు నెలలూ ఒడ్డు శుభ్రం అని మాటల్లో కూడా రాసింది.

నేను ప్రోగ్రాము రాసే సీతారామారావు గారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన ఇడ్లీ తింటూ చల్లగా చెప్పారు. కార్డు మీద ఖాళీ గడి కనిపిస్తే ఈ ప్రోగ్రాము దాన్ని సున్నా అనే చదువుతుందట. సున్నా అంటే ఒడ్డంతా నడిచి చూశాం, ఒక్క ముద్ద కూడా లేదు అని. అసలు చూడలేదని దానికి తెలియాలంటే తొమ్మిదులు కొట్టాలి. ఆ తొమ్మిదులు గ్రాములు కావు మామూ, "చూడలేదు" అన్న మాటకు అవి గుర్తు. గోడ మీద కాగితం అందుకే పెట్టారు. నేనే అతితెలివికి పోయాను. ఏసురత్నం మంచంలో ఉన్న పదమూడు వారాలూ ఒడ్డు అద్దంలా ఉందని సాక్ష్యం చెప్పింది నా చేతులే.

మీ మొట్టికాయ మీద ఒట్టేసి చెబుతున్నాను, అబద్ధం రాయకూడదనే వదిలాను. అదే అన్నిటికన్నా పెద్ద అబద్ధమై కూర్చుంది. మీరు చిన్నప్పుడు నాకు ఆ పాఠం చెప్పకపోయినా బాగుండేదని నిన్నంతా మిమ్మల్ని తిట్టుకున్నాను. రాస్తున్నాను కూడా, దాచను.

మా ప్రమీలారాణి నాకంటే పెద్దది, మిగతా ఐదుగురి మీదా అజమాయిషీ ఆమెదే. నోరు మూసుకోమంది. ఫారం ఖాళీ, కార్డూ ఖాళీ, రెండూ సరిపోయాయి గనక తనిఖీలో తప్పు పడదట. కానీ నేనే వెళ్లి చెబితే ఒక్కటి కాదు, పదమూడు తప్పులు. ప్రతి కార్డు చివరా నా నంబరు ఉంటుంది. డిసెంబరు కుర్చీ ఇక మరిచిపోవచ్చు. ఇంటికి తిరిగొచ్చి అమ్మ పక్కన కూర్చుని గుండీలు కుట్టుకోవాలి.

చెప్పకపోతే మాణిక్యమ్మ వల ముక్క చెత్తబుట్టలోకి పోతుంది.

ఇంకా పంతొమ్మిది రోజులుంది. అన్నం తింటున్నాను, రుచి తెలియడం లేదు. ఏం చేయమంటారు? ఈసారి క్షేమం అని రాసి ఊరుకోకండి.

జైతున్

---

తిరువూరు
5 నవంబరు 1976

జైతున్,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించాను. ప్రతిసారీ చేయి అలవాటుగా క్షేమం అని రాసేస్తోంది.

నీకు పాఠం చెప్పిన మామ ఏం చేశాడో విను. సంజాయిషీలు రాయలేక, ఈ వేసవి నుంచి బోర్డు మీద ఉన్న టైమే రిజిస్టరులో ఎక్కిస్తున్నాను. మొదట్లో బస్సు వచ్చాక వేసేవాణ్ణి. తర్వాత ముందే వేసేసేవాణ్ణి. పొద్దున్నే కూర్చుని సాయంత్రం దాకా వచ్చే బస్సులన్నిటికీ ఒకే ఊపులో రాసి, టీ తాగడానికి పోయేవాణ్ణి. నా అక్షరాలు ఎంత ముచ్చటగా ఉన్నాయో అని జగన్నాథరావు గారు మెచ్చుకున్నారు కూడా.

సెప్టెంబరు ఇరవైరెండున వినగడప బస్సు రెండుంబావుకు రావాలి. వచ్చిందని పొద్దున్నే రాసి ఉంది. మూడింటికి దశరథరామయ్య గారు గొడుగేసుకుని వచ్చి, మా కోడలు ఆ బస్సులో రావాలి, వచ్చిందా అని అడిగారు. నేను తలెత్తి రోడ్డు చూడలేదు. రిజిస్టరు చూశాను. "రెండుంబావుకే వచ్చిందండి. బజారుకేమైనా వెళ్లిందేమో" అన్నాను. ఆయన వెళ్లిపోయాడు. మళ్లీ నాలుగింటికి వచ్చాడు. మళ్లీ అదే చెప్పాను. నేను రాసిందే నేను నమ్మాను జైతున్. అది చెబితే ఎవరూ నమ్మరు గాని, నిజం.

బస్సు కట్టలేరు చప్టా మీద మధ్యలో ఆగిపోయింది. నీళ్లు చక్రాలు మునిగేదాకా వచ్చాయి. డ్రైవరు జానీబాషా తాడు కట్టి ఇరవైమందిని ఒక్కొక్కరినీ దిబ్బ మీదికి దాటించాడు. వాళ్లు ఆ వానలో కూర్చుని, టైముకు రాకపోతే తిరువూరు నుంచి లాల్‌సాహెబ్ ఎవర్నైనా పంపిస్తాడులే అనుకున్నారట. నేను ఐదున్నర దాకా ఎవర్నీ పంపలేదు. రావలసిన బస్సు నా దగ్గర వచ్చేసింది గదా.

ఆ ఇరవైమందిలో మీ అమ్మ ఉంది. వినగడపలో ఎవరికో కుట్టిన జాకెట్లు ఇచ్చి వస్తోంది. తాడు పట్టుకుని దాటుతూ జారింది. కుడి మణికట్టు విరిగింది. నాటు కట్టు కట్టించాము. వంకరగా అతుక్కుంది. సూది పట్టుకోలేదు, కలం పట్టుకోలేదు. ఎ.కొండూరు వెళ్లిందన్నది అబద్ధం. ఇక్కడే ఉంది, ఈ గోడ అవతల. నీ కుర్చీ ఖాయమయ్యేదాకా నీకు తెలియనివ్వొద్దని ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు నాకు ఎంత హాయిగా ఉందో నీకు చెప్పలేను. నా తప్పు కూడా దాని చాటున దాక్కుంది.

నన్నెవరూ ఏమీ అనలేదు. దశరథరామయ్య గారు కూడా. ఆ పేజీ తీసేసి కొత్తది అంటించమన్నారు జగన్నాథరావు గారు, అంటించాను. అక్క ఎడమ చేత్తో నాకు అన్నం వడ్డిస్తుంది.

నువ్వు సలహా అడిగావు. ఇచ్చే మొహం నాకు లేదు. మన రోడ్డు మీద జనం కూర్చుని ఎదురుచూశారు, అక్కడ ఒడ్డు మీద వాళ్లూ అంతే. నువ్వు వెళ్లి చెప్పు. కుర్చీ పోతే పోయింది.

నీ మామ

---

విశాఖపట్నం
18 నవంబరు 1976

మామూ,

మీ ఉత్తరం తొమ్మిదిన అందింది. మొదట మీ మీద వచ్చిన కోపానికి దాన్ని చింపబోయాను. విరిగింది మా అమ్మ చేయి. నలభైఎనిమిది రోజులు నాకు తెలియదు. మీరిద్దరూ కూడబలుక్కుని నన్ను పరాయిదాన్ని చేశారు. దీనికి మిమ్మల్ని అంత తేలిగ్గా క్షమించను.

కానీ ఒకటి ఒప్పుకోవాలి. అక్టోబరు ఉత్తరం కింద అమ్మ రాత లేదు. నేను చూశాను. చూసి, బాగానే ఉండి ఉంటుందిలే అనుకున్నాను. ఖాళీని సున్నా అని చదివింది మా కంప్యూటరు ఒక్కటే కాదు.

మర్నాడు పొద్దున ఆఫీసరు గారి గది ముందు నిలబడ్డాను. పదమూడు కార్డులూ, ఏసురత్నం పదమూడు ఫారాలూ బల్ల మీద పెట్టి, తప్పు నాది, ఈ మూడు నెలలూ ఎవరూ చూడలేదు, శుభ్రమని రాయొద్దు అన్నాను. ఆయన చాలాసేపు కార్డుల్ని వెలుతురుకు ఎత్తిపట్టి చూశారు. తర్వాత, గోడమీది కాగితం చదవడం రాదా అని గట్టిగానే తిట్టారు. తిట్టాక, కూర్చోమన్నారు. ఇలాంటి ఖాళీలు ఇంకెన్ని ఉన్నాయని అడిగారు. నాకు తెలియదన్నాను. అందరి కార్డులూ తీయించారు. ప్రమీలారాణివి కూడా ఉన్నాయి మామూ, మిగతా అందరివీ ఉన్నాయి. మొత్తం రెండువందల పన్నెండు. మన తీరంలో రెండువందల పన్నెండు వారాలు ఎవరూ చూడకుండానే శుభ్రంగా గడిచిపోయాయి.

పదిహేనున రిపోర్టు వెళ్లింది. ఆ మూడు నెలల ఎదుట "పరిశీలన జరగలేదు" అని రాశారు. మాణిక్యమ్మ అర్జీ గెలవలేదు, పోనూ లేదు. ఒక బృందం వెళ్లి వలలూ ఒడ్డూ చూసి వస్తుందట. ఆ వల ముక్క ఆఫీసరు గారి బీరువాలో ఉంది, పారేయలేదు.

నా కుర్చీ సంగతి: డిసెంబరు జాబితాలో నా పేరు లేదు. తీసివేయనూ లేదు. ఇంకో ఆరు నెలలు టెంపరరీ. ఆ రెండువందల పన్నెండు కార్డులూ మళ్లీ కొట్టే పని నాదే. గదిలో ఐదుగురూ నాతో మాట్లాడటం లేదు. ఏడుపొచ్చినప్పుడు తొమ్మిదులు గట్టిగా కొడుతున్నాను.

ఇప్పుడు నాకు కావలసింది ఒక్కటే. అమ్మ చేత రాయించండి. ఏ చేత్తోనైనా సరే. బాగున్నాను అని కాదు, ఎలా ఉందో అది.

జైతున్

---

తిరువూరు
1 డిసెంబరు 1976

జైతున్‌కు మామ దీవెనలు.

చూసి రాస్తున్నాను. పత్తి మూడోవంతు కుళ్లింది. నా మోకాళ్లు నొప్పులు. కట్టలేరులో నీళ్లు మోకాలి లోతే. నీ ఉత్తరం అందిన రోజు నుంచి బస్సు కనబడ్డాకే టైము వేస్తున్నాను. వినగడప బస్సు ఈ తొమ్మిది రోజుల్లో ఒక్కసారీ రెండుంబావుకు రాలేదు. ఇప్పటికి మూడు సంజాయిషీలు రాసిచ్చాను, నాలుగోదానికి కాగితం కొని పెట్టుకున్నాను. ఈ ఉద్యోగం ఎన్నాళ్లుంటుందో తెలియదు. బాలశౌరి టీ కొట్టులో ఒక బెంచీ నాకు ఖాయం అంటున్నాడు.

దశరథరామయ్య గారి ఇంటికి వెళ్లి ఆ రోజు జరిగింది చెప్పాను. నాకు తెలుసు లాల్‌సాహెబ్, నువ్వు వచ్చి చెబుతావేమోనని చూస్తున్నాను అన్నాడు. కూర్చోమనలేదు. మంచినీళ్లు మాత్రం ఇచ్చాడు.

మణికట్టు మళ్లీ విరిచి సరిచేయాలట. బెజవాడ పెద్దాసుపత్రికి వచ్చే నెల తీసుకుపోతాను. అక్క వద్దంటోంది. నీ ఉత్తరం ఆఖరి ముక్క రెండుసార్లు చదివించుకుంది. మధ్యాహ్నమంతా ఎడమ చేత్తో పలక మీద దిద్దింది. ఇప్పుడు కలం లాక్కుంటోంది.

*జైతూ నేను బాగా లేను. నువ్వు రా. దారిలో వేళకి తిను. అమ్మ.*